జువేనత్త చూపించని కలుగు

కిచంగని, పెంబా దీవి
12 జనవరి 1986

రాయా,

అస్సలాము అలైకుం. ఇక్కడ నేను క్షేమం, మేక క్షేమం, మీ నాన్న క్షేమం. మేకని ముందు రాశానని నవ్వకు. అదైనా పాలిస్తోంది. మీ నాన్న పొద్దున్నే దోనె తీసుకుని వెళ్ళి సాయంత్రానికి ఆ దోనెనే మళ్ళీ తీసుకొస్తున్నాడు. "ఏరా ఫాకీ, చేపలేవిరా?" అంటే "ఇయ్యాల గాలి బాలేదక్కా" అంటాడు. నా తమ్ముడు పుట్టిన రోజు నుంచీ గాలి బాగున్న రోజు ఒక్కటీ నేను చూడలేదు.

నువ్వు టాంగా వెళ్ళి ఏడాది దాటింది. అక్కడ ఆక్టోపస్‌ని కొబ్బరిపాలలో వండుతారో, నీళ్ళలో ఉడికించి ఊరుకుంటారో రాయలేదు. మీ ఆయన బకారి ఇంకా పాత టైర్లు కోసి చెప్పులు కుడుతూనే ఉన్నాడా? మంచిదే. మనిషికి ఏదో ఒక పని ఉండాలి.

ఒక చిన్న సంగతి. పోయిన అమావాస్య ఆటులో నీళ్ళు తీసి బయటపడ్డ మేట మీద తిరుగుతుంటే ఏదో చేప కాలికి కాస్త గుచ్చుకుంది. వేడి నీళ్ళు పోశారు, తగ్గిపోతుంది. ఇది వినగానే నా ఆడపడుచు హిదాయ ముఖం పెట్రోమాక్స్ దీపంలా వెలిగింది. దానికి వయసు వచ్చినా బుద్ధి రాలేదు. రోజూ జావ కాచి తెచ్చి నా మంచం పక్కన కూర్చుంటోంది. "వదినా, ఈ ఏడు పెద్ద ఆటుకి రాగలవంటావా?" అని అడుగుతుంది. జావ బాగానే ఉంటుంది కాబట్టి తాగుతున్నాను.

పెద్ద ఆటు ఈసారి మార్చి నెలాఖరు పున్నమికి పడుతోంది. దూరపు మేట అంతా బయటపడేది ఏడాదిలో ఆ ఒకటి రెండు రోజులే కదా. మా అమ్మ ఇచ్చిన ముసలమ్మ కలుగు అక్కడే ఉంది. పోయినేడు అందులోంచి లాగిన చుట్టాన్ని ఊళ్ళో ఇంకా చెప్పుకుంటున్నారు. (నీకు గుర్తుందిగా, మేట మీదా, మేట సంగతి రాసేటప్పుడూ దాని పేరు ఎత్తకూడదు, చుట్టం అనే అనాలి. పైన వంట గురించి రాశాను కాబట్టి ఎత్తాను.)

సరంగు కోంబో పడవలో ఎండబెట్టిన చేప కాస్త పంపుతున్నాను. సగం వాడే తింటాడు, మిగిలిన సగం నీది.

నీ అత్త
జువేన


టాంగా
26 జనవరి 1986

అత్తా,

వ అలైకుం అస్సలాం. చేప సగం కాదు, పావు అందింది. కోంబోని నిలదీస్తే "దారిలో గాలివానమ్మా" అన్నాడు. గాలివానకి చేప ఎలా తగ్గుతుందో నాకు అర్థం కాలేదు.

కానీ వాడు ఇంకో మాట కూడా చెప్పాడు. నీకు గుచ్చుకున్నది ఏదో చేప కాదట, విషపు ముళ్ళున్న రాతిచేపట. ఇద్దరు మగాళ్ళు నిన్ను మేట మీదనుంచి మోసుకొచ్చారట. కాలు పనసకాయంత వాచి, అరికాలు నల్లబడి, రెండు రాత్రులు ఊరంతటికీ నీ కేకలు వినపడ్డాయట. "కాస్త గుచ్చుకుంది" అని రాస్తావా! నేనేం పరాయిదాన్నా? మా అమ్మ పోయాక నన్ను నడుముకి కట్టుకుని మేట మీదికి తీసుకెళ్ళింది నువ్వు కాదా?

నేనొకటి అనుకున్నాను. పెద్ద ఆటుకి ముందే నేను అక్కడికి వస్తాను. నువ్వు నాకు నీ కలుగులు చూపించు. అన్నీ చూపించక్కర్లేదు, ముసలమ్మ కలుగు ఒక్కటి చూపించినా చాలు. ఇక్కడ టాంగాలో ఆడవాళ్ళు ఒకరి కలుగులు ఒకరికి చూపించుకుంటూనే ఉంటారు, ఎవరికి ఒంట్లో బాగోకపోతే పక్కామె వెళ్ళి వస్తుంది. నువ్వు ఇంట్లో హాయిగా కాలు చాపుకుని కూర్చో.

బకారి సలాములు చెప్పమన్నాడు. చెప్పుల పని బాగా సాగుతోంది. నీకు నవ్వులాటగా ఉంది గానీ, రేవులో మూటలు మోసేవాళ్ళంతా వాటినే తొడుక్కుంటారు.

నీ మేనకోడలు
రాయ


కిచంగని
9 ఫిబ్రవరి 1986

శ్రీమతి రాయ గారికి,

తమరు దయతో రాసిన ఉత్తరం అందింది. చదివి సంతోషించాను. కలుగులు చూపించమన్నారు. అలాగే. దాంతోపాటు నన్ను చుట్టి పూడ్చడానికి కఫన్ గుడ్డ కూడా అక్కడే కొని పంపండి, టాంగాలో మంచి బట్ట దొరుకుతుందంటారు.

ఇక ఈ వేషం నావల్ల కాదు. ఒసే పిల్లా, నీకు ఒళ్ళు తెలిసే రాశావా? కలుగులు చూపించడం అంటే కిచంగనిలో ఏంటో తెలీదూ? మా అమ్మ ఒక శుక్రవారం పొద్దున నన్ను వెంట తీసుకెళ్ళి ఒక్కో కలుగు దగ్గరా ఆగి, కర్రతో తట్టి చూపించింది. చివర్లో ఆ కర్ర నా చేతిలో పెట్టింది. మళ్ళీ బతికున్నన్నాళ్ళూ ఆమె సముద్రపు నీళ్ళలో కాలు తడపలేదు. చూపించినావిడ మళ్ళీ మేట మీదికి రాదు. అది మన ఆడవాళ్ళ కట్టుబాటు. చూపించావంటే నీ పని అయిపోయిందని నువ్వే ఒప్పుకున్నట్టు. నాకింకా యాభై ఎనిమిదేళ్ళే. పళ్ళన్నీ ఉన్నాయి, కావాలంటే వచ్చి లెక్కపెట్టుకో.

నేను మంచాన పడి రెండు నెలలు తిరక్కముందే నా కలుగులు నీకు కావలసి వచ్చాయా? హిదాయ ఇక్కడ జావ పోసి అడుగుతుంటే, నువ్వక్కడ సలాము పెట్టి అడుగుతున్నావు. హిదాయ చెల్లెలు టాంగాలోనే ఉంటుంది కదూ? మీరిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారా ఏంటి? నిన్న హిదాయ "రాయకి ఇచ్చేస్తావేమో వదినా కలుగులన్నీ" అంది. దానికి ఈ మాట ఎవరు చెప్పారు?

కాలు బాగానే ఉంది. దాని గురించి మళ్ళీ అడక్కు.

జువేన


టాంగా
20 ఫిబ్రవరి 1986

అత్తా,

నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం తినలేదు. తర్వాత తిన్నాను, ఆకలేసింది. కానీ బాధ పోలేదు.

చూపించడం అంటే అంత అర్థం ఉందని నాకు నిజంగా తెలీదు. అమ్మ నాకు చూపించకుండానే పోయింది, నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. నీ కలుగు దగ్గరికొచ్చినప్పుడల్లా "అటు తిరిగి కళ్ళు మూసుకో" అనేదానివి, నేను మూసుకునేదాన్ని. ఇక హిదాయ పిన్ని చెల్లెలంటావా, ఆమె ముఖం నేను సంతలో కూడా చూసి ఎరగను. నీ ఊహ పడవ కంటే వేగంగా వెళ్తుంది అత్తా. నీ జాగాలో నిలబడి ఆ ఒక్క రోజు నీ కలుగులు వేరేవాళ్ళ పాలు కాకుండా చూద్దామనుకున్నాను. అంతకుమించి ఒక్క ఆలోచన ఉంటే నా నోరు పడిపోనీ.

ఆ మాట అలా ఉంచు. ఈ ఉత్తరంతో ఒక మూట పంపుతున్నాను. విప్పగానే తిట్టకు. బకారి నీకోసం టైరు బూట్లు కుట్టాడు. చెప్పులు కాదు, బూట్లే. అడుగున లారీ టైరు, పైన పిక్క దాకా సైకిలు ట్యూబు, తాడుతో బిగించుకోవాలి. రాతిచేప ముల్లు వాటిలోంచి దిగదు. కుడి కాలిది కాస్త వదులుగా కుట్టాడు, వాపు ఉంటుందని.

కొలత ఎలా తెలిసిందంటావేమో. చిన్నప్పుడు తడి ఇసుకలో నీ అడుగుల్లో అడుగులేసుకుంటూ నీ వెనక నడిచేదాన్ని. నా పాదం ఎంత లోతుగా మునిగేదో, మడమ దగ్గర ఎంత మిగిలేదో నాకిప్పటికీ గుర్తే. బకారి వాకిట్లో ఇసుక తడిపి వేలితో గీసి చూపించాను. సరిపోకపోతే రాయి.

నేను రాలేను. ఇక్కడ మా అత్తగారు మెట్లమీంచి పడి మంచంలో ఉంది. దానికి కూడా ఏదో ఏర్పాటుందని అనుకోకు.

రాయ


కిచంగని
8 మార్చి 1986

రాయా,

బూట్లు అందాయి. ఎడమదాంట్లో కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. అది లేచేదాకా నాకు వాటితో పని లేదు.

తొడగను పిల్లా. ఎలా తొడుగుతాను? మేట మీద మా కాళ్ళే మాకు కళ్ళు. నాచు కింద ఇసుక ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ చుట్టం తిని పారేసిన గవ్వల కుప్ప ఉందో అరికాలు చెబుతుంది. కిచంగనిలో మేట మీద చెప్పులేసుకునేది తెల్లదొరలూ, కొత్తగా వచ్చిన పంతుళ్ళూ. బూట్లేసుకుని పోతే "జువేనకి చూడటం కూడా పోయింది" అంటారు. మీ ఆయన మంచివాడే, కుట్టు కూడా గట్టిగా ఉంది, నేను లాగి చూశాను. అయినా తొడగను.

ఇప్పుడు నీకు ఒక మాట రాస్తాను, ఎవరికీ చెప్పకు. మొన్న కర్ర పట్టుకుని మసీదు దగ్గర బావి దాకా నడవబోయాను. సగం దారిలో కుడి కాలు పిండి బొమ్మలా వంగిపోయింది, లవంగాలు ఆరబెట్టిన చాపమీద బోర్లా పడ్డాను. పిల్లలు నవ్వలేదు. అదే భయమేసింది నాకు. నవ్వితే లేచి కొట్టేదాన్ని, వాళ్ళు జాలిపడి లేవనెత్తారు.

నాకు భయంగా ఉంది రాయా. పెద్ద ఆటు రోజు ఎవరి కలుగు దగ్గర వాళ్ళు నిలబడి కర్ర పెట్టాలి. రాలేకపోయినావిడ కలుగులు ఆ పూట నుంచి అందరివీ. ఇది నేను ఎంతమంది మీద అరిచి అరిచి నిలబెట్టిన రూలు! రెండేళ్ళ కిందట కేసి ముసలిది జ్వరంతో రాలేకపోతే ఆమె కలుగుల్లో మొట్టమొదట కర్ర పెట్టింది నేనే. ఇప్పుడు నాకు వేరే రూలు అడుగుతానా? చచ్చినా అడగను.

మీ నాన్న "నా దోనెలో గెడేసి తీసుకుపోతానక్కా" అన్నాడు. ఆడది మేట మీదికి మగాడి దోనెలో పెళ్ళికూతురిలా ఊరేగుతూ పోతుందా అని కసిరాను. వాడు వెళ్ళి వల బాగుచేసుకోసాగాడు. పాపం అనిపించింది, ఆ మాట మళ్ళీ వాడితో అనలేదు.

ఇక హిదాయ. దానికి జావ మీద జావ పోయడంతో సరిపోయింది. నిన్న నేను కూడా కాస్త నోరు జారాను. "ముసలమ్మ కలుగు కిరీటం రాయి కిందే హిదాయా, నువ్వు జాగ్రత్తగా చూసుకో" అనేశాను. ఒంట్లో బలం లేనప్పుడు మనిషి ఏం మాట్లాడుతుందో తనకే తెలియదు.

నీ అత్తగారికి పసుపు కలిపిన వేడి కొబ్బరినూనె రాయి.

జువేనత్త


టాంగా
16 మార్చి 1986

అత్తా,

నీ ఉత్తరం రాత్రి మూడుసార్లు చదివాను. ముసలమ్మ కలుగు హిదాయ పిన్నికి చెప్పేశావా! నాకు చూపించమంటే కఫన్ గుడ్డ అడిగావు. ఆవిడ జావకి ఇచ్చేశావు. చాలా బాగుంది. నేను ఇక్కడ ఏడుస్తూ రాస్తున్నాననుకోకు, కోపంతో రాస్తున్నాను.

కాబట్టి నేను కూడా ఒక నిజం చెబుతాను. నీ కలుగులు నాకు అక్కర్లేదత్తా. నాకు నావి ఉన్నాయి. టాంగా రేవుకి ఉత్తరాన, మడ చెట్లు దాటాక, ఒక మేట ఉంది. ఇక్కడికొచ్చిన రెండో నెల నుంచీ వెళ్తున్నాను. మొదట్లో ఇక్కడి ఆడవాళ్ళు "పెంబా పిల్ల, దీనికేం తెలుసు" అనేవాళ్ళు. ఇప్పుడు ఆటు రోజున నా వెనకే నడుస్తున్నారు. ఒక్కోటీ నేనే వెతికి పట్టుకున్న కలుగులు, ఎవరూ చూపించలేదు. కళ్ళు మూసుకుని నిలబడినప్పుడు నువ్వు కర్ర ఎలా తిప్పేదానివో చెవులతో విన్నాను. చుట్టం కర్రని పట్టుకున్నాక నీ ఊపిరి మారేది. అది నాకు చాలు.

ఇంకో సంగతి. నేను మేట మీద బకారి బూట్లు వేసుకునే వెళ్తున్నాను. మొదటి వారం ఏమీ తెలియలేదు. తర్వాత టైరు కింద కూడా ఇసుక తెలియడం మొదలైంది. కాలు నేర్చుకుంటుంది అత్తా, వయసుతో పని లేదు.

కోడిని లేపు. బూటు తొడుక్కో. నాన్న దోనె ఎక్కు. ఎవరేమన్నా అననీ. నువ్వు పెద్ద ఆటుకి వెళ్ళకపోతే నేను మళ్ళీ నీకు ఉత్తరం రాయను. ఇది బెదిరింపే.

రాయ


కిచంగని
29 మార్చి 1986, శనివారం

నా బంగారు తల్లీ రాయా,

అస్సలాము అలైకుం, ఒకసారి కాదు వందసార్లు. కూర్చుని చదువు. బకారిని కూడా పిలిచి పైకి చదివి వినిపించు, ముఖ్యంగా బూట్లొచ్చే చోట గట్టిగా చదువు.

ముందు ఇది చెప్పు, మేట మీద సొంత కలుగులు పెట్టుకుని ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా ఎలా ఉన్నావే? నీ ఉత్తరం చదివి కోడిని గుడ్లతో సహా బుట్టలోకి మార్చాను. నా చేతుల్లో పెరిగినది ఎవరూ చూపించకుండా కలుగులు పట్టిందంటే, నేను మంచంలో పడుకుని జావ తాగుతుంటానా? బూటు తొడిగాను. సరిగ్గా సరిపోయింది. ఇసుకలో అడుగు కొలత అంత గుర్తుపెట్టుకున్నావా పిల్లా! ఆ పూట కాసేపు ఏడ్చాను, అది వేరే సంగతి.

గురువారం పొద్దున నీళ్ళు తీయడం మొదలుపెట్టగానే మీ నాన్న దోనె తెచ్చాడు. నేను ఎక్కి కూర్చుని కాంగా గుడ్డ కాళ్ళమీద కప్పుకున్నాను. వాడు గెడ వేస్తూ వెళ్తుంటే నీళ్ళు మాకంటే వేగంగా పోతున్నాయి. కడకు దోనె ఇసుక మీద కూర్చుంది. అక్కణ్ణించి నడవాలి. ఒక కాలు దించాను, రెండో కాలు దించాను. ఆడవాళ్ళంతా చూశారు. హిదాయ గొంతు అందరికంటే ముందు లేచింది.

"లారీ వస్తోందర్రా! దారియ్యండి, దారియ్యండి!"

"హారన్ కూడా ఉంది, కొట్టమంటావా?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ఈసారి నవ్వినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. కర్ర ఊతంతో ఒక్కో అడుగూ వేసుకుంటూ నా చిన్న కలుగులన్నీ తిరిగాను. నువ్వన్నది నిజం, మొదట ఏమీ తెలియలేదు. మూడో కలుగు దగ్గర టైరు కింద గవ్వల గరగర తెలిసింది. తాడుకి చుట్టాల్ని గుచ్చి నడుముకి కట్టుకున్నాను. ఒక్కటంటే ఒక్క కలుగు వదల్లేదు.

ఇక దూరపు మేట. అక్కడ రొట్టెల రాయి ఉంది కదా, బల్లలా ఉండే పగడపు రాయి, అందరం కూర్చుని కర్రపెండలం రొట్టె తినేది. అక్కడికి చేరేసరికి నా కాలు అయిపోయింది. రాయి మీద కూలబడ్డాను. కేసి ముసలిది "పాపం, ఇంతవరకే రాగలిగింది" అంది. అందరూ నాకో రొట్టె ముక్క ఇచ్చి, జాలిగా చూసి, ముందుకి వెళ్ళిపోయారు. హిదాయ మాత్రం వెనక్కి కూడా చూడకుండా తిన్నగా కిరీటం రాయి దగ్గరికి పరుగెత్తింది.

ఇప్పుడు చెబుతాను విను. కిరీటం రాయి కింద ముసలమ్మ కలుగు ఏనాడూ లేదు. ప్రతి ఏడూ నేను అక్కడ వంగి, కర్ర తిప్పి, చేతులు రుద్దుకుని, చుట్టూ దొంగచూపులు చూసి వస్తాను. మా అమ్మా అదే చేసింది. అది చూసేవాళ్ళ కోసం. నేను నోరు జారి చెప్పానని నువ్వు కోప్పడ్డావే, ఆ జారడం జావ మొదటి గిన్నె నాడే ఆలోచించి పెట్టుకున్నాను. అసలు ముసలమ్మ కలుగు ఊరంతా కూర్చుని రొట్టె తినే రాయి కిందే ఉంది. దాని నోరు పడమటి వైపు, సరిగ్గా కాళ్ళు వేలాడేసే చోట. ఇన్నేళ్ళూ అందరూ దానిమీద కూర్చునే దాన్ని వెతికారు. నేను అందరికంటే ఆలస్యంగా రొట్టె తింటాను, అంతే.

హిదాయ కర్ర దూర్చి తిప్పింది, తిప్పింది, ఏదో పట్టుకుంది. గట్టిగా లాగింది. ఇంత పొడుగు మలుగు పాము పళ్ళు చూపిస్తూ బయటికొచ్చింది. "వామ్మో, నాయనోయ్!" అని అది కర్ర వదిలి, కాంగా పైకెత్తి, పీతలా పక్కకి పరుగు తీసింది. నేను నవ్వాను. ఎంత నవ్వానంటే, పట్టు తప్పి రాయి మీంచి జారాను. కుడి కాలు బూటుతో సహా కలుగు నోట్లోకి దిగిపోయింది.

లోపల చుట్టం ఉన్నాడు. బూటుని పట్టుకున్నాడు.

అలాంటి పట్టు నా జన్మలో ఎరగను రాయా. మొదట మడమ చుట్టూ, తర్వాత పిక్క చుట్టూ బిగించాడు. కర్ర అందనంత దూరంలో పడింది. లాగితే కాలే ఊడేలా ఉంది, వాడు రాడు. అప్పుడే తడి ఇసుక మీద నీటి గీత కదిలింది. పెద్ద ఆటు పోయినంత వేగంగానే తిరిగి వస్తుందని నీకు తెలుసు. "ఫాకీ!" అని అరిచాను. నలభై ఏళ్ళలో మీ నాన్న పరుగెత్తగా నేను చూడలేదు. గెడ పారేసి, నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చాడు. ఆ వెనకే హిదాయ, ఆ వెనకే అందరూ వచ్చారు.

"బూటు తాడు కోసెయ్యి వదినా! కాలు బైటికొచ్చేస్తది, ప్రాణం దక్కుతది!" అని హిదాయ నా చేతికి కత్తి ఇచ్చింది.

నిజమే, తాడు కోస్తే కాలు వచ్చేస్తుంది. బూటు వాడిదవుతుంది, వాడు లోపలికి పోతాడు. పెద్ద ఆటు నాడు ముసలమ్మ కలుగులోంచి ఉత్తకాలు తీసుకుపోయినదాన్ని అవుతాను. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. నేను కత్తి దూరంగా విసిరేశాను.

"ఈ బూటు నా కోడలు ఇసకలో కొలిచి కుట్టించింది. ఈడికి ఇవ్వను. లాగండి!"

మీ నాన్న నీళ్ళలో బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి కలుగులో పెట్టాడు. హిదాయ వెనకనుంచి నా నడుం పట్టుకుంది. దాన్ని పట్టుకుని కేసి ముసలిది, ఆమెని పట్టుకుని మిగతావాళ్ళు. "వదల్లేదక్కా, నేనూ వదల్లేదు" అంటున్నాడు మీ నాన్న, నోట్లో ఉప్పునీళ్ళతో. ఒక్కసారిగా రాయి కింద ఏదో తెగినట్టయింది. అందరం ఒకరిమీద ఒకరం వెల్లకిలా పడ్డాం. నా కాలు పైకి లేచింది, బూటుని కౌగిలించుకుని చుట్టం!

తల మీ నాన్న టోపీలో పట్టనంత ఉంది. మెడలో వేసుకుంటే చేతులు వాడి మోకాళ్ళ దాకా వేలాడాయి. మా అమ్మ కాలంలో కూడా అంతటిది రాలేదని కేసి ముసలిది ఒట్టేసి చెప్పింది. మీ నాన్న దాన్ని దోనెలో వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒడ్డుకి గెడేశాడు. ఊరంతా ఒడ్డుకొచ్చి నిలబడింది. వాడి దోనె నిండుగా రావడం చూడని పిల్లలు కేకలు పెట్టారు. "ఏరా ఫాకీ, గాలెలా ఉందిరా?" అన్నాను. వాడు ముఖం తుడుచుకున్నాడు. "ఇయ్యాల గాలి బాగుందక్కా" అన్నాడు.

అప్పుడు కేసి ముసలిది మెల్లిగా ఆ మాట అంది. "జువేనా, మరి అందరం చూశాం కదే. రొట్టెల రాయి కిందే అని. నువ్వు చూపించేసినట్టే కదా ఇక."

కట్టుబాటు కట్టుబాటే. చూపించినావిడ మళ్ళీ రాకూడదు. దీన్నీ అరిచి నిలబెట్టింది నేనే. నేను చుట్టాన్ని చూశాను, బూటుని చూశాను.

"అవును, చూపించాను. ఒకరికి కాదు, ఊరందరికీ చూపించాను. రేపు మళ్ళీ వస్తాను. ఆపేవాళ్ళు నాకంటే ముందు లేవండి" అన్నాను.

శుక్రవారం పొద్దున వెళ్ళాను. దోనె ఎక్కలేదు, ఒడ్డు నుంచీ నడిచాను. నెమ్మదిగా, ఆగి ఆగి నడిచాను. ముసలమ్మ కలుగు నోరు అందరికీ తెలుసు, ఎవరైనా కర్ర పెట్టొచ్చు. హిదాయ నాకంటే ముందే వెళ్ళి రాయి మీద కూర్చుని ఉంది. ఇక నా కలుగు పోయిందనుకున్నాను. అది లేచి, కాంగా కొంగుతో రాయి మీద ఇసుక దులిపింది.

"ఎవరూ కర్ర పెట్టకుండా పొద్దుట్నుంచీ కాపలా కాస్తన్నా. కూర్చో వదినా. జావ తెచ్చా" అంది.

కూర్చున్నాను. జావ తాగాను. చుట్టం ఇంకోడు అప్పుడే చేరాడు, చిన్నవాడు. వాణ్ణి హిదాయనే లాగనిచ్చాను.

కేసి ముసలిది ఇవాళ నా దగ్గరికొచ్చి, తన పాత కలుగుల దగ్గరికి ఒకసారి నడిచి చూడొచ్చా అని అడిగింది. నేను లాక్కున్నవన్నీ తిరిగి ఇచ్చేశాను. బకారిని బూట్లు కుట్టమను. మొదటి జత కేసిది, రెండోది హిదాయది. హిదాయ పాదం వెడల్పు, బాతు పాదం అని చెప్పు. మిగతావాళ్ళ కొలతలకి తాళ్ళు కత్తిరించి కోంబోతో పంపుతున్నాను, ముళ్ళు వేసి గుర్తులు పెట్టాను.

నువ్వు వచ్చే పెద్ద ఆటుకి రా. కళ్ళు మూసుకోమనను. నా పక్కన నడుస్తూ ఒక్కో కలుగూ చూపిస్తాను, తర్వాత రోజు ఇద్దరం కలిసే వెళ్దాం.

నీ అత్త, లారీ
జువేన


టాంగా
10 ఏప్రిల్ 1986

లారీ అత్తకి,

వ అలైకుం అస్సలాం, నీ వందకి ఇంకో వంద కలిపి.

ఉత్తరం పైకి చదివాను. బూట్ల దగ్గరికి వచ్చేసరికి బకారి లేచి బయటికి వెళ్ళాడు, కళ్ళలో ఏదో పడిందట. లోపలికొచ్చి మళ్ళీ చదవమన్నాడు. మంచంలో ఉన్న మా అత్తగారు మలుగు పాము దగ్గర నవ్వి నవ్వి, నెలన్నరగా కదపని కాలు కదిపింది. పొద్దున కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. ఆవిడ కూడా బూట్లు అడుగుతోంది.

మా మేట ఆడవాళ్ళకి కూడా చదివి వినిపించాను. ఇక్కడ ఎవరూ ఆ మాట నమ్మలేదు, చూపిస్తే ఇక రాకూడదన్న మాట. "మరి వాళ్ళు ముసలాళ్ళయ్యాక ఏం చేస్తారు?" అని అడిగారు. మా జువేనత్త ఆ సంగతి తేల్చేసిందని చెప్పాను. గర్వంగా చెప్పానత్తా. నీ కాలు పనసకాయలా వాచిందని విన్న రోజు నుంచీ నా గుండెలో ఏదో పట్టుకుని ఉండేది, అది ఇవాళ వదిలింది.

హిదాయ పిన్నికి నా క్షమాపణలు చెప్పు. ఆవిడ జావని నేను మనసులో చాలా తిట్టుకున్నాను. బాతు పాదం బూట్లు తయారయ్యాయి. నాన్నకి కూడా ఒక జత ఉంది, మళ్ళీ పరుగెత్తాల్సి వస్తే.

నేను తప్పకుండా వస్తాను. కానీ ముందు నువ్వు రావాలి. కోంబో పడవలో వచ్చేసెయ్. అమావాస్యకి ఇక్కడ మంచి ఆటు ఉంది. మడ చెట్లు దాటాక మేట చూపిస్తాను, మేట మాత్రమే. నా కలుగులు నీకు చూపించను. పెంబాలో కట్టుబాటు మారిందేమో, నా కలుగుల దగ్గర ఇంకా మారలేదు.

నువ్వు నేను కూర్చోమన్న రాయి మీద కూర్చుని, అటు తిరిగి కళ్ళు మూసుకుని, రొట్టె తిను.

నీ కోడలు
రాయ